ఇంటి కంప్యూటరులో ఒకటికి మించిన భద్రతా ప్రోగ్రాములు

ఒకే కంప్యూటరులో రెండు లేదా అంతకు మించిన యాంటీవైరస్, యాంటీ-స్పైవేర్, ఫైర్‌వాల్ ప్రోగ్రాములు ఏకకాలంలో నడిచే స్థితిని ఈ వ్యాసం వివరిస్తుంది. ఇళ్లలో ఈ స్థితి కోరి తెచ్చుకునేది తక్కువ, పోగుపడేదే ఎక్కువ. ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన ట్రయల్ ఒకటి, షాపులో వేయించుకున్నది మరొకటి, విండోస్‌లో పుట్టుకతోనే ఉన్న డిఫెండర్ ఇంకొకటి. ఏడాది తిరిగేసరికి ట్రయల్ గడువు తీరుతుంది గానీ దాని డ్రైవర్లు యంత్రంలోనే ఉండిపోతాయి. "సిస్టమ్ స్లో అయిపోయింది, ఫార్మాట్ కొట్టించాలి" అని షాపుకు తెచ్చే యంత్రాలలో అసలు కారణం వైరస్ కాకుండా ఈ పోగు కావడం కద్దు.

పరిధి, పదాలు

భద్రతా ప్రోగ్రాములను పేర్లను బట్టి కాక, అవి పనిచేసే వేళను బట్టి విభజిస్తే ఈ విషయం సులువుగా అర్థమవుతుంది. యంత్రం ఆన్ అయినది మొదలు మెమరీలోనే ఉండి, తెరిచే ప్రతి ఫైలునూ, నడిచే ప్రతి ప్రోగ్రామునూ అక్కడికక్కడే పరీక్షించేది రియల్‌టైమ్ రక్షణ. వినియోగదారు అడిగినప్పుడు మాత్రమే డిస్కును గాలించి, పని అయ్యాక మూతపడేది ఆన్-డిమాండ్ స్కానర్. ఫైర్‌వాల్ ఫైళ్ల జోలికి పోదు. యంత్రంలోకి వచ్చే, బయటికి వెళ్లే నెట్‌వర్క్ రాకపోకలను చూస్తుంది. ఈ మూడింటినీ కలిపి, బ్రౌజర్ రక్షణ, పాస్‌వర్డ్ పెట్టె వంటి అదనపు భాగాలు చేర్చి అమ్మేదాన్ని ఇంటర్నెట్ సెక్యూరిటీ లేదా టోటల్ సెక్యూరిటీ అంటారు.

చిక్కులు దాదాపు అన్నీ మొదటి రకం దగ్గరే వస్తాయి. ఆన్-డిమాండ్ స్కానర్లు ఎన్ని ఉన్నా డిస్కులో చోటు తప్ప మరేమీ ఖర్చు కాదు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్న సామెత రియల్‌టైమ్ రక్షణకు అక్షరాలా వర్తిస్తుంది.

చరిత్ర

ఐబీఎం పీసీలకు సోకిన తొలి వైరస్‌గా పేరుపడిన బ్రెయిన్ 1986లో లాహోర్‌లో పుట్టింది. మరుసటి ఏడే యాంటీవైరస్ వ్యాపారం మొదలైంది. మెకాఫీ, జర్మనీకి చెందిన జీ డేటా ఉత్పత్తి 1987 నాటివి. డాస్ కాలంలో చాలా ప్రోగ్రాములు ఆన్-డిమాండ్ తరహావే. ఫ్లాపీ పెట్టి ఒకదాని తర్వాత ఒకటి నడిపేవారు. ఒక కంపెనీకి దొరకని వైరస్ మరో కంపెనీకి దొరికేది కనుక రెండు మూడు ఉంచుకోవడం అప్పట్లో తెలివైన పనే. ఆ అలవాటే తరువాతి కాలానికి సలహాగా మిగిలిపోయింది. దాని వెనక ఉన్న పరిస్థితి మాత్రం మారిపోయింది.

భారతదేశంలో చెన్నైకి చెందిన కే7 కంప్యూటింగ్ 1991లో మొదలైంది. పుణేలో కైలాష్ కాట్కర్ నడిపిన కంప్యూటర్ రిపేరు దుకాణం నుంచి, ఆయన తమ్ముడు సంజయ్ కాట్కర్ రాసిన ప్రోగ్రాము క్విక్ హీల్‌గా 1990ల మధ్యలో మార్కెట్‌లోకి వచ్చింది. సంస్థ తన పేరును 2007లో క్విక్ హీల్ టెక్నాలజీస్‌గా మార్చుకుంది. ముంబయికి చెందిన మైక్రోవరల్డ్ ఉత్పత్తి ఈస్కాన్, పుణేకే చెందిన నెట్ ప్రొటెక్టర్ కూడా కంప్యూటర్ షాపుల ద్వారానే ఊరూరికీ చేరాయి. అట్టపెట్టెలో సీడీ, దాని మీద కీ, ఏడాదికోసారి రెన్యువల్: చిన్న పట్టణాలకు యాంటీవైరస్ పరిచయమైన రూపం ఇది.

మైక్రోసాఫ్ట్ ఈ రంగంలోకి మెల్లగా దిగింది. 2004 ఆగస్టులో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 ఫైర్‌వాల్‌ను ముందుగానే ఆన్ చేసి ఉంచింది, యాంటీవైరస్ ఉందో లేదో చెప్పే సెక్యూరిటీ సెంటర్‌ను తెచ్చింది. 2009 సెప్టెంబరులో ఉచిత సెక్యూరిటీ ఎసెన్షియల్స్ వచ్చింది. 2012 అక్టోబరులో విడుదలైన విండోస్ 8తో డిఫెండర్ పూర్తిస్థాయి యాంటీవైరస్‌గా వ్యవస్థలో భాగమైంది. అంతవరకు "ఒకటైనా ఉందా?" అన్నది ప్రశ్న. ఆ తర్వాత బయటి ప్రోగ్రాము ఏది కొన్నా అది లెక్కకు రెండోదే అయింది.

ఘర్షణ ఎలా పుడుతుంది

విండోస్‌లో ఒక ఫైలును తెరవమని ఏ ప్రోగ్రాము అడిగినా, ఆ అభ్యర్థన డిస్కును చేరేలోపు ఫిల్టర్ డ్రైవర్ల వరుస గుండా వెళ్తుంది. యాంటీవైరస్ అభ్యర్థనను ఇక్కడే ఆపి, ఫైలును తాను ముందు చదివి, శుభ్రంగా ఉంటే వదులుతుంది. ఈ వరుసలో ఎవరు ముందో ఎవరు వెనకో నిర్ణయించడానికి మైక్రోసాఫ్ట్ ప్రతి డ్రైవరుకు ఆల్టిట్యూడ్ అనే సంఖ్య కేటాయిస్తుంది. యాంటీవైరస్‌లకు ఇచ్చిన పరిధి 320000 నుంచి 329998 వరకు. ఎక్కువ సంఖ్య ఉన్న డ్రైవరు అభ్యర్థనను ముందుగా చూస్తుంది.

రెండు యాంటీవైరస్‌లు ఉంటే ఒకే ఫైలు రెండుసార్లు పరీక్షకు లోనవుతుంది. అంతటితో ఆగితే నష్టం కాస్త ఆలస్యమే. కానీ మొదటి ప్రోగ్రాము పరీక్ష కోసం ఫైలు తెరిస్తే, అది కూడా ఫైలు తెరవడమే కనుక రెండోది దాన్నీ ఆపి చూడవచ్చు. రెండోది తన పని కోసం ఏదైనా తెరిస్తే మొదటిది జోక్యం చేసుకుంటుంది. ఒకరి జవాబు కోసం ఒకరు ఎదురుచూస్తూ ఇద్దరూ నిలిచిపోతే యంత్రం హ్యాంగ్ అవుతుంది. ఇలాంటివి జరగకుండా చాలా కంపెనీలు ఎదుటివారి ప్రక్రియలను మినహాయించే జాగ్రత్తలు రాసుకున్నాయి. అయితే కంపెనీలు ఒకరి ఉత్పత్తితో మరొకరి ఉత్పత్తిని కలిపి పరీక్షించడం అరుదు. జంటగా నడుస్తాయన్న హామీ కూడా సాధారణంగా ఇవ్వరు.

పాత యంత్రాల్లో బ్లూ స్క్రీన్లు రావడానికి మరింత మొరటు కారణం ఉంది. 32-బిట్ విండోస్‌లో కెర్నెల్ (వ్యవస్థ కేంద్రభాగం) పనికి ఒక్కో థ్రెడ్‌కు దొరికే స్టాక్ (తాత్కాలిక మెమరీ) 12 కిలోబైట్లు మాత్రమే. పాత తరహా ఫిల్టర్ డ్రైవర్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు పిలుచుకునేవి కనుక రెండు మూడు పోగైతే ఆ చోటు నిండిపోయేది. 64-బిట్‌లో స్టాక్ 24 కిలోబైట్లకు పెరిగింది. అప్పటి యాంటీవైరస్‌లు కెర్నెల్‌లోని సిస్టమ్ కాల్ పట్టికను తమ వైపు తిప్పుకునేవి కూడా. ఒకే గడిని ఇద్దరు తిప్పితే, ఒకరు తప్పుకునేటప్పుడు రెండోవారి దారి తెగేది. 64-బిట్ విండోస్‌లోని ప్యాచ్‌గార్డ్ ఈ పద్ధతినే నిషేధించింది.

క్వారంటైన్ మరో తగవు. వైరస్ దొరికిన ఫైలును ఒక ప్రోగ్రాము తన సంచిలోకి తరలిస్తుండగా రెండోది అదే ఫైలును పట్టుకుంటే, ఎవరూ పని పూర్తిచేయలేక హెచ్చరికలు మాత్రం పదేపదే వస్తాయి. ఒకరి వైరస్ గుర్తుల నిధి రెండోవారి కంటికి వైరస్‌లాగే కనబడే ప్రమాదమూ ఉంది. ఆ గుర్తులను రహస్య లిపిలో దాచడం మామూలు కావడానికి ఇదొక కారణం.

బ్రౌజర్ దగ్గర గొడవ వేరు. హెచ్‌టీటీపీఎస్ రాకపోకలను చూడడానికి వెబ్ రక్షణ భాగాలు తమ సొంత రూట్ సర్టిఫికెట్‌ను యంత్రంలో చేర్చి, బ్రౌజరుకూ వెబ్‌సైటుకూ మధ్య కూర్చుంటాయి. ఇద్దరు కూర్చుంటే బ్యాంకు, ప్రభుత్వ పోర్టళ్లు సర్టిఫికెట్ దోషం చూపి తెరుచుకోకపోవచ్చు.

నమోదైన ఉదంతాలు

ఒక భద్రతా ప్రోగ్రాము మరోదాన్ని శత్రువుగా భావించిన సంఘటనల్లో ప్రసిద్ధమైనది 2006 ఫిబ్రవరి నాటిది. మైక్రోసాఫ్ట్ యాంటీ-స్పైవేర్ పరీక్షా కూర్పు, సిమాంటెక్ యాంటీవైరస్‌కు చెందిన రిజిస్ట్రీ పద్దులను బ్యాంకోస్ అనే పాస్‌వర్డ్ దొంగ ప్రోగ్రాముగా పొరబడి తొలగించమంది. తొలగించినవారి యాంటీవైరస్ పనిచేయడం మానేసింది. సోఫోస్ యాంటీవైరస్ కథ ఇంకా విచిత్రం: 2012 సెప్టెంబరులో అది తన అప్‌డేట్ ఫైలునే మాల్‌వేర్‌గా ప్రకటించి, ఇతర కంపెనీల అప్‌డేట్ ప్రోగ్రాములనూ పట్టుకుంది.

ఒక్క యాంటీవైరస్ తప్పు చేసినా యంత్రం కూలుతుందనడానికి 2010 ఏప్రిల్ 21 గుర్తుండే తేదీ. ఆ రోజు మెకాఫీ అప్‌డేట్ విండోస్ ఎక్స్‌పీలో కీలకమైన ఎస్‌వీసీహోస్ట్ ఫైలును వైరస్ అనడంతో కంప్యూటర్లు పదేపదే రీస్టార్ట్ అయ్యాయి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ అప్‌డేట్ దోషంతో ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు ఆగిపోయాయి. అవి సంస్థల యంత్రాలు, ఇళ్లవి కావు. అయినా కెర్నెల్ లోతున నడిచే భద్రతా డ్రైవరు ఎంత చేయగలదో ఆ ఘటన చూపింది. యంత్రంలో అలాంటివి రెండు ఉంటే ఈ తరహా ప్రమాదానికి రెండు ద్వారాలు ఉన్నట్టే.

2018 జనవరిలో ప్రాసెసర్లలోని మెల్ట్‌డౌన్ లోపానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన సవరణ కొన్ని యాంటీవైరస్‌లతో పొసగక బ్లూ స్క్రీన్ వచ్చింది. అందుకని, తాను సరిపోతానని యాంటీవైరస్ రిజిస్ట్రీలో ఒక గుర్తు పెడితేనే ఆ నెల అప్‌డేట్ దిగేలా మైక్రోసాఫ్ట్ ఏర్పాటు చేసింది. ఆ గుర్తు యంత్రానికంతటికీ ఒక్కటే. రెండు యాంటీవైరస్‌లలో సరిపడేది గుర్తు పెట్టేస్తే సరిపడనిదాని సంగతి విండోస్‌కు తెలిసే వీలు లేదు. ఒక యంత్రానికి ఒక యాంటీవైరస్ అన్న ఊహ మీదే ఆ ఏర్పాటు నిలిచింది.

భద్రతా ప్రోగ్రాముల్లోనూ లోపాలు ఉంటాయి. లోపాలు వెతికే గూగుల్ బృందం ప్రాజెక్ట్ జీరోకు చెందిన టావిస్ ఓర్మండీ 2016లో సిమాంటెక్ ఇంజన్లలో తీవ్రమైన లోపాలు బయటపెట్టారు. 2017 మేలో మైక్రోసాఫ్ట్ ఇంజన్‌లోనూ అలాంటిది బయటపడింది. ఈస్కాన్ అప్‌డేట్ మార్గాన్ని దారి మళ్లించి గుప్తిమైనర్ అనే మాల్‌వేర్‌ను చొప్పించారని అవాస్ట్ 2024 ఏప్రిల్‌లో ప్రకటించింది.

విండోస్ చేసే సర్దుబాటు

విండోస్ 10, 11లలో బయటి యాంటీవైరస్ తనను సెక్యూరిటీ సెంటర్‌లో నమోదు చేసుకోగానే డిఫెండర్ రియల్‌టైమ్ రక్షణ దానంతటదే తప్పుకుంటుంది. కొన్న ప్రోగ్రాము గడువు తీరితే విండోస్ హెచ్చరించి, కొంత వ్యవధి తర్వాత డిఫెండర్‌ను మళ్లీ నిలబెడుతుంది. "డిఫెండర్ ఉంది కదా, ఇంకోటి వేస్తే రెండవుతాయి" అన్న భయానికి అందువల్ల ఆధారం లేదు. చిక్కు వచ్చేది బయటి ప్రోగ్రాములు రెండు ఉన్నప్పుడు.

ఈ సర్దుబాటు వివాదం లేకుండా కుదరలేదు. మైక్రోసాఫ్ట్ తన ఉత్పత్తికి అనుకూలంగా ఇతరులను పక్కకు నెడుతోందని కాస్పర్‌స్కీ ఐరోపాలో ఫిర్యాదు చేసి, మైక్రోసాఫ్ట్ మార్పులు ప్రకటించాక 2017 ఆగస్టులో ఉపసంహరించుకుంది.

2016 ఆగస్టు నాటి విండోస్ 10 వార్షికోత్సవ అప్‌డేట్‌లో మధ్యేమార్గం ఒకటి వచ్చింది. బయటి యాంటీవైరస్ కాపలాలో ఉండగానే డిఫెండర్ అప్పుడప్పుడు డిస్కును గాలించి వెళ్తుంది. ఈ పరిమిత స్కానింగ్‌ను సెట్టింగ్స్‌లో విడిగా ఆన్ చేయాలి.

ఫైర్‌వాల్ విషయంలో రెండు ఉండడం కొన్నిచోట్ల మంచిదే. ఫైబర్ రౌటరు బయటి నుంచి అడగని రాకపోకలను అడ్డుకుంటుంది, యంత్రంలోని ఫైర్‌వాల్ ఇంట్లోని మరో పరికరం నుంచి వచ్చేవాటిని చూస్తుంది. చోట్లు వేరు కనుక గొడవ లేదు. ఒకే యంత్రంలో రెండు ఫైర్‌వాల్ ప్రోగ్రాములు ఉంటే మాత్రం ఒకటి అనుమతించింది మరొకటి ఆపుతుంది. ప్రింటరు ఎందుకు దొరకడం లేదో తెలియక గంటలు పోతాయి.

రెండో అభిప్రాయపు స్కానర్లు

ఏ ఒక్క ఇంజనూ అన్ని మాల్‌వేర్‌లనూ పట్టలేదు కనుక రెండో అభిప్రాయం కోరడం న్యాయమే. అది కాపలాలో నిలవకుండా వచ్చి చూసి వెళ్లాలి, అంతే. మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్ ఈ కోవలోనిది. డౌన్‌లోడ్ చేసుకున్న పది రోజులకు దాని చెల్లుబాటు తీరిపోతుంది. ఈసెట్ ఆన్‌లైన్ స్కానర్, ట్రెండ్ మైక్రో హౌస్‌కాల్, ఎంసిసాఫ్ట్ ఎమర్జెన్సీ కిట్ అలాంటివే. మాల్‌వేర్‌బైట్స్ ఉచిత కూర్పు ఆన్-డిమాండ్ స్కానరుగా ఉంటుంది. డబ్బు కట్టిన కూర్పు రియల్‌టైమ్‌లోకి వస్తుంది కానీ, సెక్యూరిటీ సెంటర్‌లో నమోదు కావాలా వద్దా అన్నది వినియోగదారుకే వదిలేస్తుంది. మొదటి 14 రోజులు ట్రయల్‌గా రియల్‌టైమ్ ఆన్ అవుతుందన్న సంగతి గమనించక చాలామంది రెండు కాపలాల స్థితిలో పడతారు.

ఒక్క ఫైలు మీద అనుమానమైతే స్పెయిన్‌లో 2004లో మొదలై 2012లో గూగుల్ చేతికి వచ్చిన వైరస్‌టోటల్ ఉంది. అప్‌లోడ్ చేసిన ఫైలును అది 70కి పైగా ఇంజన్లతో పరీక్షిస్తుంది. అక్కడ పెట్టిన ఫైలు ఇతర భద్రతా సంస్థలకూ అందుతుంది కాబట్టి ఆధార్ కాపీ, బ్యాంకు పత్రాల వంటివి పెట్టకూడదు. ఒకే ప్రోగ్రాములో రెండు ఇంజన్లు అమర్చే పద్ధతి కూడా ఉంది: జీ డేటా తన ఇంజన్‌తో పాటు బిట్‌డిఫెండర్ ఇంజన్‌ను వాడుతుంది. డ్రైవరు ఒకటే కనుక అక్కడ పైన చెప్పిన ఘర్షణ రాదు.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతం

చిన్న పట్టణాల పరిస్థితికి ఉదాహరణగా ఈ ప్రాంతాన్ని తీసుకోవచ్చు. 2022 ఏప్రిల్ 4 వరకు ఈ మూడు పట్టణాలూ గుంటూరు జిల్లాలోనివే. ఆ రోజున ఏర్పడిన బాపట్ల జిల్లాలో బాపట్ల, రేపల్లె చేరగా తెనాలి గుంటూరులో మిగిలింది. 2017 మే 12న ప్రపంచాన్ని కుదిపిన, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లకు సోకినప్పుడు దెబ్బతిన్న జిల్లాల జాబితాలో గుంటూరు కూడా ఉంది. వన్నాక్రై వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ సవరణను ఆ ఏడాది మార్చి 14నే ఇచ్చింది. సవరణ వేసిన యంత్రానికి నెట్‌వర్క్ గుండా అది పాకలేదు. అప్‌డేట్ లేని యంత్రంలో రెండో యాంటీవైరస్ వేయడం కన్నా ఒక్క అప్‌డేట్ వేయడం ఎందుకు మేలో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ జాతికి అంకితం చేసిన ఏపీ ఫైబర్‌నెట్, నెలకు 149 రూపాయల ప్రాథమిక ప్యాకేజీతో ఇంటర్నెట్, టీవీ, ఫోను ఇళ్లకు ఇచ్చింది. అంతకుముందు ఇక్కడి యంత్రాలకు వైరస్ వచ్చే ప్రధాన మార్గం పెన్‌డ్రైవ్. కాలేజీ నుంచి జిరాక్స్ షాపుకు, అక్కడి నుంచి ఇంటికి. 1945 నాటి వ్యవసాయ కళాశాల, 1981 నాటి ఇంజనీరింగ్ కళాశాల ఉన్న బాపట్లలో ప్రాజెక్టు రిపోర్టుల ప్రింట్ల కాలం వస్తే ఒకే షాపు యంత్రంలో ఎందరి పెన్‌డ్రైవులో పెడతారు. ఫోల్డర్లను దాచి వాటి పేర్లతో షార్ట్‌కట్‌లు సృష్టించే రకాన్ని జనం షార్ట్‌కట్ వైరస్ అని పిలుస్తారు. మైక్రోసాఫ్ట్ 2011 ఫిబ్రవరిలో పాత విండోస్‌లకూ పెన్‌డ్రైవ్ ఆటోరన్‌ను ఆపేసే అప్‌డేట్ ఇచ్చింది. షార్ట్‌కట్ రకం మాత్రం మనిషి డబుల్ క్లిక్‌నే నమ్ముకుంటుంది కనుక దానితో ఆగలేదు.

తెలుగు డీటీపీ చేసే ఇళ్లలో, ప్రెస్సుల్లో మరో ప్రత్యేకత ఉంది. అను స్క్రిప్ట్ మేనేజర్ వంటి తెలుగు కీబోర్డు ప్రోగ్రాములు తట్టిన ప్రతి మీటనూ మధ్యలో పట్టుకుని తెలుగు అక్షరంగా మారుస్తాయి. కీలాగర్ అనే దొంగ ప్రోగ్రాముల పద్ధతీ ఇదే కాబట్టి, ప్రవర్తనను బట్టి అనుమానించే యాంటీవైరస్ వాటిని అడ్డగించే అవకాశం ఉంది. అప్పుడు మినహాయింపు ఇవ్వాలి. యాంటీవైరస్‌లు రెండు ఉంటే రెండింటిలోనూ ఇవ్వాలి. ఒకదానిలో ఇచ్చి రెండోది మరచిపోతే టైపింగ్ ఆగిపోతుంది, తప్పు ఫాంటుదని పొరబడతారు.

మినహాయింపులకు చీకటి కోణం ఒకటుంది. క్రాక్ చేసిన విండోస్, డిజైన్ ప్రోగ్రాములు వేసేటప్పుడు యాంటీవైరస్‌ను ఆపి, క్రాక్ ఉన్న ఫోల్డరును మినహాయింపులో పెడతారు. ఆ ఫోల్డరులోకి తర్వాత ఏం వచ్చినా అడిగేవారుండరు. అలాంటి యంత్రంలో ఎన్ని యాంటీవైరస్‌లు వేసినా లెక్కలోకి రాదు.

కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ఆధ్వర్యంలో 2017 ఫిబ్రవరి 21న మొదలైన సైబర్ స్వచ్ఛతా కేంద్రం, దేశీయ యాంటీవైరస్ సంస్థలతో కలిసి ఉచిత బాట్ తొలగింపు సాధనాలను అందిస్తోంది. హైదరాబాద్ సీ-డాక్ రూపొందించిన యూఎస్‌బీ ప్రతిరోధ్ పెన్‌డ్రైవుల వాడకాన్ని అదుపు చేస్తుంది. యాప్ సంవిద్ అనుమతించిన ప్రోగ్రాములను తప్ప ఇతరాలను నడవనివ్వదు. ఇవి యాంటీవైరస్ చేసే పనిని మళ్లీ చేయకుండా వేరే పని చేస్తాయి. రెండో పొర కావాలనుకునేవారికి మరో యాంటీవైరస్ కంటే ఈ తరహావే ఉపయోగం. అనుమతి లేని ప్రోగ్రాములు ఫైళ్లను మార్చకుండా ఆపే, డిఫెండర్‌లో 2017 నుంచి ఉన్న కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్, విడిగా తీసి ఉంచే బ్యాకప్ డిస్కు కూడా ఈ కోవకే చెందుతాయి.

నకిలీ భద్రతా ప్రోగ్రాములు

రెండోదిగా వచ్చి చేరేది ఒక్కోసారి భద్రతా ప్రోగ్రామే కాదు. 2008 ప్రాంతంలో యాంటీవైరస్ 2009, ఎక్స్‌పీ యాంటీవైరస్ వంటి పేర్లతో నకిలీలు వ్యాపించాయి. లేని వైరస్‌లను చూపించి తొలగించడానికి డబ్బు అడిగేవి. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2008 డిసెంబరులో ఇన్నొవేటివ్ మార్కెటింగ్ అనే సంస్థ మీద కేసు వేసింది. ఇప్పుడు ఇదే మోసం బ్రౌజరు నోటిఫికేషన్ల రూపంలో వస్తోంది. "మీ సబ్‌స్క్రిప్షన్ ముగిసింది" అంటూ, యంత్రంలో లేని నార్టన్, మెకాఫీల పేరుతో కిటికీలు తెరుచుకుంటాయి. వాటిని ఆపడానికి బ్రౌజరు సెట్టింగ్స్‌లో ఆ సైటుకు ఇచ్చిన నోటిఫికేషన్ అనుమతి తీసేస్తే చాలు. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930 నంబరుకు ఫోన్ చేయాలి.

గుర్తించడం, తొలగించడం

విండోస్ సెక్యూరిటీ తెరలో "సెక్యూరిటీ ప్రొవైడర్లు" అన్నచోట నమోదైన యాంటీవైరస్‌ల పేర్లు కనబడతాయి. అక్కడ కనబడనివి ప్రోగ్రాముల జాబితాలో వెతకాలి. తీసేటప్పుడు మామూలు అన్‌ఇన్‌స్టాల్ చేశాక కూడా డ్రైవర్లు మిగలవచ్చు కాబట్టి, ప్రధాన కంపెనీలు తమ ఉత్పత్తికి ప్రత్యేక తొలగింపు సాధనాన్ని ఇస్తాయి. అవాస్ట్, మెకాఫీ, కాస్పర్‌స్కీ, ఈసెట్ అన్నింటికీ అవి ఉన్నాయి. కొన్నింటిని సేఫ్ మోడ్‌లో నడపాలి. కొత్తది వేయడానికి ముందే పాతది తీసి, యంత్రాన్ని రీస్టార్ట్ చేయాలి. వరుస తిరగబడితే కొన్ని ఇన్‌స్టాలర్లు ముందుకు సాగవు, కొన్ని మాట్లాడకుండా సాగిపోతాయి. రెండో రకమే ప్రమాదం.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. డిఫెండర్ వైరస్ గుర్తుల అప్‌డేట్లు మాత్రం 2028 అక్టోబరు వరకు వస్తాయి. వ్యవస్థ లోపాలకు సవరణలు ఆగి వైరస్ గుర్తులు మాత్రమే అందే ఈ స్థితిలో, మరో యాంటీవైరస్ చేర్చినా లోపాలు అలాగే ఉంటాయి.

మిగిలినది ఒక్కటే పనిచేస్తోందా అని చూడడానికి ఐకార్ పరీక్షా ఫైలు ఉంది. 68 అక్షరాల ఈ హానిలేని వరుసను వైరస్‌గా ప్రకటించాలని యాంటీవైరస్ పరిశ్రమ ఒప్పుకుంది. దాన్ని నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేయగానే కాపలాలో ఉన్న ప్రోగ్రాము పేరుతో ఒక హెచ్చరిక రావాలి. వెంటనే మరో పేరుతో ఇంకొకటి వచ్చినా, "ఫైలు దొరకలేదు" అన్న సందేశం కనబడినా తొలగింపు పూర్తికాలేదని అనుమానించాలి.